ఎడారి పార్కుల్లో కుటుంబ సఫర్: ముందు నీళ్ల లెక్క, తర్వాతే మైళ్ల లెక్క

గుంటూరు నుంచో, కడప నుంచో, హైదరాబాద్ నుంచో అమ్మీ, అబ్బా అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వస్తారు. రెండు నెలలు ఇంట్లోనే గడిచాక "ఎక్కడికన్నా తీసుకెళ్లు బేటా" అంటారు. పిల్లలకు సెలవులు, ఆఫీసులో వారం రోజుల లీవ్. లాస్ వెగాస్‌కు విమానం టికెట్లు, అక్కడ అద్దెకు ఒక పెద్ద వ్యాన్. జయాన్, బ్రైస్, గ్రాండ్ కాన్యన్, వీలైతే డెత్ వ్యాలీ కూడా చూసేద్దాం అనుకుంటారు. ఫోన్‌లో మ్యాప్ తెరిచి గంటలు కూడితే అంతా సరిపోయినట్టే కనిపిస్తుంది.

కానీ దారిలో ఎంత ఎండ ఉంటుందో, నీళ్లు ఎక్కడ దొరుకుతాయో ఆ మ్యాప్ చెప్పదు.

2015 ఆగస్టులో ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఒక జంట తొమ్మిదేళ్ల కొడుకుతో కలిసి న్యూ మెక్సికో రాష్ట్రంలోని వైట్ శాండ్స్‌లో నడకకు బయల్దేరింది. తెల్లటి జిప్సం దిబ్బల మీద ఐదు మైళ్ల లోపు దారి అది. నీడ లేదు, కుళాయి లేదు. వాళ్ల దగ్గర చిన్న నీళ్ల సీసాలు రెండే ఉన్నాయి. తల్లికి ఒంట్లో బాగోలేక వెనక్కి తిరిగింది, దారిలోనే పడిపోయింది. ముందుకు వెళ్లిన తండ్రీ దక్కలేదు. పిల్లవాడు బతికాడు. తాము ఒక గుక్క తాగినప్పుడల్లా బిడ్డకు రెండు గుక్కలు పట్టించారని అక్కడి షెరిఫ్ తర్వాత చెప్పారు.

వాళ్లేమీ సాహసయాత్రకు వెళ్లినవాళ్లు కాదు. మనలాగే సెలవుల్లో తిరగడానికి వచ్చిన కుటుంబం. అందుకే ఎడారి ప్రయాణానికి ఒక్కటే సూత్రం పెట్టుకోవాలి. కారులో అందరికన్నా బలహీనంగా ఉన్నది ఎవరో చూసి ప్లాన్ వారిని బట్టి వేయాలి. అది మోకాళ్ల నొప్పుల దాదీ కావచ్చు, మూడేళ్ల పాప కావచ్చు, షుగర్ ఉన్న అబ్బా కావచ్చు. ఏ నెలలో వెళ్లాలి, ఏ దారిన వెళ్లాలి, రోజుకు ఎంత తిరగాలి అన్నవన్నీ అక్కడి నుంచే తేలతాయి.

మొదటి ప్రశ్న: ఏ నెలలో?

ఎడారి అంటే మనకు ఇసుక దిబ్బలు, ఒంటెలు గుర్తొస్తాయి. అమెరికా నైరుతి భాగంలో ఉన్నది ఎక్కువగా రాతి ఎడారి. అందులోనూ ఎత్తును బట్టి వాతావరణం పూర్తిగా మారిపోతుంది. డెత్ వ్యాలీలోని బ్యాడ్‌వాటర్ బేసిన్ సముద్రమట్టానికి 282 అడుగుల కింద ఉంటుంది. బ్రైస్ కాన్యన్ అంచు 8 వేల నుంచి 9 వేల అడుగుల ఎత్తులో ఉంటుంది. జూలైలో డెత్ వ్యాలీ పగటి వేడి సగటున 117 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 47 సెల్సియస్. అదే నెలలో బ్రైస్‌లో 80 ఫారెన్‌హీట్, అంటే 27 సెల్సియస్ దగ్గరే ఉంటుంది. ఏప్రిల్‌లో వెగాస్‌లో చెమటలు పడుతుంటే బ్రైస్‌లో రాత్రి మంచు పడొచ్చు. కాబట్టి ఒకే పెట్టెలో పలుచటి నూలు బట్టలూ ఉండాలి, స్వెట్టర్లూ ఉండాలి.

ఈ మొత్తం ప్రాంతం తిరగడానికి మంచి కాలాలు రెండు. మార్చి చివరి నుంచి మే మధ్య వరకు ఒకటి, సెప్టెంబర్ చివరి నుంచి నవంబర్ మొదటి వారం వరకు ఇంకొకటి. పిల్లలకు పెద్ద సెలవులు మాత్రం జూన్, జూలై, ఆగస్టుల్లోనే. ఇండియా నుంచి పెద్దవాళ్లు కూడా ఎక్కువగా అప్పుడే వస్తారు. ఇక్కడే అసలు చిక్కు.

వేసవి తప్ప వేరే దారి లేకపోతే ఎత్తు మీద ఉన్న పార్కులనే ఎంచుకోండి. బ్రైస్ కాన్యన్, గ్రాండ్ కాన్యన్ అంచు ఆ కాలంలో హాయిగానే ఉంటాయి. జయాన్ లోయలో జూలైలో 100 ఫారెన్‌హీట్ మామూలే, కాబట్టి అక్కడ పొద్దున్నే తిరిగి ఎండెక్కేలోగా గదికి చేరాలి. పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉంటే వేసవిలో డెత్ వ్యాలీని జాబితాలోంచి తీసేయండి. దాన్ని డిసెంబర్ సెలవుల్లో చూడొచ్చు, అప్పుడు అక్కడ పగలు చల్లగా, నడవడానికి బాగుంటుంది.

"మేం రెంటచింతల ఎండ చూసినవాళ్లం, ఇదెంత!" అని అబ్బా అనొచ్చు. నిజమే, పల్నాడు ఎండ తక్కువది కాదు. కానీ డెత్ వ్యాలీలోని ఫర్నెస్ క్రీక్ దగ్గర 1913 జూలై 10న 134 ఫారెన్‌హీట్, అంటే 56.7 సెల్సియస్ నమోదైంది. ప్రపంచ రికార్డు ఇప్పటికీ అదే. ఇంకో తేడా కూడా ఉంది. మన దగ్గర చెమట కారి బట్టలు తడుస్తాయి, దాహం వేస్తోందని తెలుస్తుంది. ఇక్కడి పొడిగాలిలో చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. ఒంట్లో నీళ్లు తగ్గిపోతున్న సంగతి తల తిరిగేదాకా తెలియదు.

ఎనిమిది రోజుల దారి

మొదటిసారి వెళ్లే కుటుంబానికి లాస్ వెగాస్ నుంచి బయల్దేరి మళ్లీ అక్కడికే చేరే చక్రం బాగా పనికొస్తుంది. మొత్తం 800 మైళ్ల పైచిలుకు, అంటే దాదాపు 1,300 కిలోమీటర్లు.

మొదటి రోజు వెగాస్‌లో దిగి వ్యాన్ తీసుకోండి. నీళ్లు, సరుకులు కొనుక్కొని పడుకోండి. ఆ రోజు ఇంకేమీ పెట్టుకోవద్దు.

రెండో రోజు జయాన్ గుమ్మంలో ఉన్న స్ప్రింగ్‌డేల్ ఊరికి వెళ్లండి. సుమారు 160 మైళ్లు, మూడు గంటల లోపు ప్రయాణం. మూడో రోజంతా జయాన్‌లోనే. ఏడాదిలో ఎక్కువ కాలం లోపలి లోయ రోడ్డు మీదకు సొంత కార్లను రానివ్వరు, పార్కు ఉచిత బస్సులే ఎక్కాలి. చివరి బస్సు ఎన్ని గంటలకో ముందే చూసుకోండి. అది తప్పిపోతే పిల్లల్ని ఎత్తుకొని మైళ్ల కొద్దీ నడవాలి.

నాలుగో రోజు బ్రైస్ కాన్యన్‌కు 85 మైళ్లు, రెండు గంటలు. దారిలో 1930లో కొండను తొలిచి పూర్తిచేసిన, మైలు పైగా పొడవున్న సొరంగం వస్తుంది. పిల్లలకు అదే ఒక పండగ. బ్రైస్‌లో ఎర్రటి రాతి స్తంభాలు వేల సంఖ్యలో నిలబడి ఉంటాయి. పగలు కరిగిన మంచునీరు రాళ్ల పగుళ్లలోకి దిగి రాత్రి గడ్డకట్టి ఉబ్బుతుంది. అలా ఏటా కొంచెం కొంచెంగా రాయి చీలి ఈ ఆకారాలు వచ్చాయి.

ఐదో రోజు అరిజోనాలోని పేజ్ ఊరికి 150 మైళ్లు. సాయంత్రం చల్లబడ్డాక కొలరాడో నది గుర్రపునాడాలా వంపు తిరిగే హార్స్‌షూ బెండ్ చూడొచ్చు. ఆరో రోజు పొద్దున ఆంటిలోప్ కాన్యన్. తర్వాత గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్‌కు సుమారు 140 మైళ్లు. కామెరాన్ మీదుగా తూర్పు గేటు నుంచి లోపలికి వెళ్లండి. అక్కడి నుంచి పాతిక మైళ్ల పాటు కారు ఆపుకుంటూ లోయను చూసే చోట్లు వరసగా వస్తాయి. ఎక్కువ నడవలేని పెద్దవాళ్లకు ఇంతకన్నా మంచి దారి లేదు.

ఏడో రోజంతా గ్రాండ్ కాన్యన్. ఎనిమిదో రోజు వెగాస్‌కు 280 మైళ్లు, నాలుగున్నర గంటలు.

గండికోటను మనవాళ్లు భారతదేశపు గ్రాండ్ కాన్యన్ అంటారు. కడప జిల్లా నుంచి వచ్చిన పెద్దవాళ్లకు ఆ పోలిక వెంటనే తడుతుంది. అక్కడ పెన్నా చేసిన పనే ఇక్కడ కొలరాడో నది 277 మైళ్ల పొడవునా, మైలు లోతున చేసింది. అంచు మీద నిలబడి ఒక గంట చూస్తే చాలు, కిందికి దిగాలన్న పట్టుదల వద్దు. జూలైలో అంచు మీద 84 ఫారెన్‌హీట్ ఉంటే నది ఒడ్డున 106 ఉంటుంది. దిగేటప్పుడు ఒళ్లు తేలిగ్గా, గాలి చల్లగా ఉంటుంది. ఎండ ముదిరాక ఎక్కి రావాలి, ఎక్కడానికి దిగినదానికి రెట్టింపు సమయం పడుతుంది. కొండెక్కే అలవాటులో ఉన్న పిల్లలు "ఇంకొంచెం కిందికి" అంటూనే ఉంటారు, మాట వినొద్దు.

లోయకు అవతలి వైపు నార్త్ రిమ్ ఉంది. చూపుకు పది మైళ్లే, రోడ్డు మీద 200 మైళ్ల పైనే. చలికాలంలో మూసేస్తారు. 2025 జూలై కార్చిచ్చులో అక్కడి ప్రసిద్ధ లాడ్జి కాలిపోయింది. కుటుంబంతో వెళ్లేవాళ్లకు ఏడాది పొడవునా తెరిచి ఉండే సౌత్ రిమ్మే మంచిది.

గడియారం చేసే మోసం

ఈ దారిలో చాలామంది బుకింగులు పోగొట్టుకునేది ఇక్కడే. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం వరకు నెవాడాలో పది గంటలైతే యూటాలో పదకొండు. అరిజోనా మాత్రం గడియారం మార్చదు, కాబట్టి ఆ నెలల్లో అక్కడ నెవాడాలాగే పదే. అరిజోనా లోపలే ఉన్న నవాహో నేషన్ మాత్రం గడియారం మారుస్తుంది, అక్కడ మళ్లీ పదకొండు. పేజ్ ఊరు నవాహో నేల అంచున ఉంటుంది. ఫోన్ ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కు మారినప్పుడల్లా గంట ముందుకూ వెనక్కూ దూకుతుంది.

రెండు పనులు చేయండి. ఒక చేతి గడియారాన్ని అరిజోనా టైముకు పెట్టి ఎవరో ఒకరు కట్టుకోండి. టూర్ బుక్ చేసేటప్పుడు "ఇది ఎవరి టైము?" అని అడిగి కాగితం మీద రాసుకోండి. నమాజ్ యాప్ కూడా ఇదే గందరగోళంలో పడుతుంది. ఆకాశంలో సూర్యుడు మాత్రం మారడు. మధ్యాహ్నం నీడ తిరగడం, సాయంత్రం పొద్దు గుంకడం కళ్లతో చూసుకుంటే యాప్ తప్పినా మీరు తప్పరు.

పాసులు, రుసుములు

2026 జనవరి 1 నుంచి లెక్క మారింది. జాతీయ పార్కులన్నిటికీ పనికొచ్చే ఏడాది పాసు అమెరికా నివాసులకు 80 డాలర్లు, బయటి దేశాల వాళ్లకు 250 డాలర్లు. ఏడాది పాసు లేని విదేశీ సందర్శకులు పదహారేళ్లు, ఆ పైబడినవాళ్లైతే, 11 ప్రధాన పార్కుల్లో మామూలు రుసుముకు అదనంగా మనిషికి 100 డాలర్లు కట్టాలి. మన దారిలోని జయాన్, బ్రైస్, గ్రాండ్ కాన్యన్ మూడూ ఆ జాబితాలో ఉన్నాయి. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మీ, అబ్బా కారులో ఉంటే ఇది చిన్న మొత్తం కాదు. బయల్దేరే ముందు పార్కు అధికారిక పేజీలో మీ కుటుంబానికి ఎంత పడుతుందో చూసుకోండి. నివాసులు గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి. చాలా గేట్ల దగ్గర నగదు తీసుకోరు, కార్డుతోనే కట్టాలి.

ఇంట్లో నాలుగో తరగతి చదివే పిల్లలుంటే వాళ్ల పేరు మీద ఏడాదికి ఉచిత పాసు వస్తుంది, ఇంటర్నెట్‌లో రాయించుకోవచ్చు. ఆంటిలోప్ కాన్యన్ మాత్రం నవాహో వాళ్ల సొంత పార్కు. జాతీయ పార్కు పాసు అక్కడ చెల్లదు, గైడ్ లేకుండా లోపలికి పంపరు. వాళ్ల ఇళ్లను, మనుషులను అడగకుండా ఫొటోలు తీయకండి. మన ఊరికి వచ్చినవాడు మన గుమ్మంలో నిలబడి ఫొటో తీస్తే మనకెలా ఉంటుందో, వాళ్లకూ అంతే.

పెద్దవాళ్ల పాస్‌పోర్టు, ఐ-94 కాగితం ఎప్పుడూ కారులోనే ఉండాలి. డాలస్ నుంచి వైట్ శాండ్స్ వైపు వెళ్లేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. మెక్సికో సరిహద్దుకు దగ్గరి హైవేల మీద బార్డర్ పెట్రోల్ తనిఖీ కేంద్రాలుంటాయి, కారు ఆపి కాగితాలు అడుగుతారు.

నీళ్లు: మనిషికి రోజుకు ఒక గాలన్

పార్కు వాళ్లు చెప్పే లెక్క మనిషికి రోజుకు కనీసం ఒక గాలన్, అంటే సుమారు నాలుగు లీటర్లు. ఆరుగురు ఉంటే ఆరు గాలన్లు. ఇది తాగడానికే. వజూకు, చేతులు కడగడానికి వేరే డబ్బా పెట్టండి. దాన్ని ముట్టుకోవద్దని పిల్లలకు చెప్పక్కర్లేదు, తాగే నీళ్ల డబ్బాను మాత్రం వేరే పనికి వాడొద్దని అందరికీ చెప్పండి. కారు ఆగిపోయిన రోజు ప్రాణం నిలిపేది ఆ డబ్బానే.

నీళ్లు మాత్రమే తాగుతూ ఏమీ తినకపోతే ఒంట్లో ఉప్పు పడిపోతుంది, అదీ ప్రమాదమే. వేయించిన శనగలు, ఉప్పు బిస్కెట్లు, కారప్పూస, ఓఆర్‌ఎస్ పొట్లాలు చేతికి అందేలా ఉంచండి. బీపీ, గుండె జబ్బుల మందుల్లో కొన్ని మూత్రం ఎక్కువ పోయేలా చేస్తాయి. నీళ్లు ఎంత తాగాలో, మందు మోతాదు మార్చాలో లేదో ప్రయాణానికి ముందే డాక్టర్‌ను అడగండి. సొంతంగా మాత్ర మానేయొద్దు. ఇన్సులిన్‌ను ఎండలో కారులో వదిలితే పాడైపోతుంది, మంచుగడ్డకు ఆనించినా పాడవుతుంది. కూల్ బాక్సులో గుడ్డ చుట్టి పెట్టండి.

ఎండదెబ్బ గుర్తులు ఇంట్లో అందరికీ తెలియాలి. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, విపరీతమైన నీరసం కనిపిస్తే వెంటనే నీడకు చేర్చి, ఒళ్లు తడిపి, కొంచెం కొంచెంగా నీళ్లు పట్టాలి. మనిషి తికమకగా మాట్లాడుతున్నా, మాట తడబడుతున్నా, స్పృహ తప్పుతున్నా అది ప్రాణాంతకం. 911కు ఫోన్ చేయాలి, సాయం వచ్చేదాకా ఒంటి మీద నీళ్లు పోస్తూ విసరాలి. దాదీ "ఏం లేదు, కాసేపు పడుకుంటా" అంటే నమ్మేయొద్దు. పిల్లల్ని బతిమాలి తాగించినట్టే పెద్దవాళ్లతోనూ అరగంటకోసారి దగ్గరుండి తాగించాలి. దారిలో బాత్రూమ్‌లు దొరకవన్న భయంతో మన ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. అందుకే బాత్రూమ్ ఉన్న ఆగే చోట్లు ముందే గుర్తుపెట్టి వాళ్లకు చెప్పండి.

"ఐదు నిమిషాల్లో వస్తా" అని పిల్లల్ని కారులో వదిలి దిగొద్దు. మూసిన కారు పది నిమిషాల్లోనే 20 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా వేడెక్కుతుంది.

నీళ్లు లేకపోవడమే కాదు, నీళ్లు రావడమూ ప్రమాదమే

జూలై నుంచి సెప్టెంబర్ వరకు ఇక్కడ మాన్‌సూన్ వానలు పడతాయి. పేరు మనకు తెలిసిందే గానీ తీరు వేరు. ఎక్కడో మైళ్ల అవతల కురిసిన వాన రాతి నేలలో ఇంకకుండా ఇరుకు లోయల్లోకి గోడలా వచ్చిపడుతుంది. 1997 ఆగస్టు 12న లోయర్ ఆంటిలోప్ కాన్యన్‌లో 11 మంది పర్యాటకులు ఇలాగే కొట్టుకుపోయారు. ఆకాశం నిర్మలంగా ఉందని లోయలోకి దిగడం సరిపోదు. పార్కు ఆఫీసులో ఆ రోజు వరద సూచన ఏమిటో అడగండి. గైడ్ టూర్ రద్దు చేస్తే వాదించకండి. రోడ్డు మీద నీళ్లు పారుతుంటే కారు దించొద్దు, మన వాగుల దగ్గర జరిగే ప్రమాదాలు మనకు తెలియనివి కావు.

ఫోన్ పనిచేయని చోట

పార్కుల్లో చాలా చోట్ల సిగ్నల్ ఉండదు. మ్యాపులు ముందే ఫోన్‌లోకి దించుకోండి, ఒక కాగితం మ్యాపు కూడా కొనండి. కొత్త రకం ఫోన్లలో ఉపగ్రహం ద్వారా సాయం అడిగే వీలుంటుంది. మీ ఫోన్‌లో ఉందో లేదో ఇంట్లోనే చూసుకోండి. ఇంటి దగ్గర ఒకరికి మీ దారి, హోటళ్ల పేర్లు, ఏ రోజు ఎక్కడుంటారో రాసివ్వండి. "ఇషా లోపు మెసేజ్ రాకపోతే పార్కుకు ఫోన్ చెయ్" అని చెప్పి వెళ్లండి.

ఫోన్ చూపే దగ్గరి దారిని ఎడారిలో నమ్మొద్దు. 1996 జూలైలో జర్మనీ నుంచి వచ్చిన ఒక కుటుంబం ఇద్దరు పిల్లలతో డెత్ వ్యాలీలోని మారుమూల మట్టిదారిలోకి వెళ్లింది. టైర్లు పోయిన వాళ్ల అద్దె వ్యాన్ అక్టోబర్‌లో కనిపించింది. పెద్దవాళ్ల అవశేషాలు 2009లో గానీ దొరకలేదు. తారురోడ్డు వదలొద్దు. అద్దె కార్ల ఒప్పందాలు మామూలుగా మట్టిరోడ్లను ఒప్పుకోవు. కారు ఆగిపోతే దాని దగ్గరే ఉండండి. నడుస్తున్న మనిషికన్నా ఆగి ఉన్న కారు వెతికేవాళ్లకు తొందరగా కనిపిస్తుంది. ట్యాంకు సగం కాగానే నింపుకోవడం, స్పేర్ టైరు ఉందో లేదో వ్యాన్ తీసుకునేటప్పుడే చూడటం, చీకటి పడ్డాక డ్రైవింగ్ పెట్టుకోకపోవడం మంచి అలవాట్లు. రాత్రి ఆ రోడ్ల మీదకు జింకలు వస్తాయి.

తిండి, నమాజ్

వెగాస్‌లో హలాల్ హోటళ్లు, మసీదులు ఉన్నాయి. వెగాస్ దాటాక అవి దొరుకుతాయని లెక్క వేసుకోకండి. కాబట్టి దస్తర్‌ఖాన్ మీతోనే ప్రయాణం చేయాలి. వంటగది ఉన్న గదులు చూసి బుక్ చేయండి, ఒక రైస్ కుక్కర్ పట్టుకెళ్లండి. మొదటి రెండు రోజులకు పులిహోర, రోటీలు, పొడి ఖీమా సరిపోతాయి. ఖీమాను ఇంట్లో గడ్డకట్టించి కూల్ బాక్సులో పెడితే అదే మంచుగడ్డగా కూడా పనికొస్తుంది. తర్వాత ఖిచిడీ, గుడ్ల కూర, గోంగూర పచ్చడి, పప్పుల పొడి. పార్కుల్లో బల్లలు వేసిన పిక్నిక్ చోట్లుంటాయి, మధ్యాహ్నం భోజనం అక్కడ హాయిగా సాగుతుంది. తిన్నాక ఒక్క మెతుకు కూడా వదలొద్దు. ఉడుతలకు పెట్టొద్దు, అవి కరుస్తాయి, జబ్బులూ అంటిస్తాయి.

బయట తినాల్సివస్తే చేపలు, శాకాహారం అడగండి. అక్కడా జాగ్రత్త. మెక్సికన్ హోటళ్లలో చిక్కుడు గింజల ముద్దను కొన్నిచోట్ల పంది కొవ్వుతో వేయిస్తారు. పిల్లలు అడిగే మార్ష్‌మెలోల్లో సాధారణంగా జెలటిన్ ఉంటుంది. హలాల్ గుర్తున్నవి ఇంటి నుంచే తీసుకెళ్తే దారిలో పేచీ ఉండదు.

ఖిబ్లా విషయంలో ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లు తడబడతారు. అక్కడ పడమరకు తిరిగే అలవాటు. ఇక్కడ ఖిబ్లా ఈశాన్యం వైపు, అందులోనూ ఉత్తరానికి దగ్గరగా ఉంటుంది. సిగ్నల్ లేకపోయినా ఫోన్‌లోని దిక్సూచి పనిచేస్తుంది. ప్రయాణంలో ఖస్ర్, రెండు నమాజ్‌లు కలపడం, నీళ్లు తక్కువైనప్పుడు తయమ్ముమ్ గురించి మీ మసీదు ఆలిమ్‌ను బయల్దేరే ముందే అడిగి తెలుసుకోండి. దారిలో ఇంటర్నెట్ ఉండదు. నమాజ్‌కు చాప వేసేటప్పుడు కాలిబాటకు అడ్డం కాకుండా, లోయ అంచుకు దూరంగా వేయండి. చాలా చోట్ల అంచు దగ్గర కంచె ఉండదు.

ఒక ముఖ్యమైన మాట. జయాన్‌లో పారే వర్జిన్ నదిలో విషపు సయనోబాక్టీరియా ఉంటోందని 2020 నుంచి పార్కు హెచ్చరికలు పెడుతోంది. నీళ్లు తేటగా, చల్లగా కనిపిస్తాయి, వజూ చేసుకుందామనిపిస్తుంది. ఆ నీళ్లతో నోరు పుక్కిలించొద్దు, పిల్లల్ని తల ముంచనీయొద్దు. కుళాయి నీళ్లే వాడండి.

దాదీకి, పిల్లలకు చోటు

"పెద్దవాళ్లు కారులో కూర్చుంటారు, మేం నడిచి వస్తాం" అనేది మంచి ప్లాన్ కాదు. ఎండలో అది ప్రమాదం, వాళ్ల మనసుకూ కష్టం. వాళ్లు నడవగలిగే దారులు ప్రతి పార్కులో ఉన్నాయి. జయాన్‌లో నది పక్కన చదునుగా తారు వేసిన పారుస్ దారి, బ్రైస్‌లో సన్‌రైజ్, సన్‌సెట్ పాయింట్ల మధ్య అర మైలు నడక, గ్రాండ్ కాన్యన్‌లో అంచు వెంబడి దారి, ఉచిత బస్సులు. చక్రాల కుర్చీ అవసరమైతే ముందే ఏర్పాటు చేసుకోండి. బ్రైస్ ఎత్తులో మామూలు నడకకే ఆయాసం వస్తుంది. మొదటి రోజు నెమ్మదిగా నడవండి. గుండె, ఊపిరితిత్తుల జబ్బు ఉంటే డాక్టర్‌ను అడిగాకే వెళ్లండి. విజిటర్ ఇన్సూరెన్స్ లేకుండా పెద్దవాళ్లను ఈ దారిన తీసుకెళ్లొద్దు. హెలికాప్టర్ అంబులెన్స్ ఖర్చు ఒక కుటుంబాన్ని అప్పులపాలు చేస్తుంది.

పిల్లలకు విజిటర్ సెంటర్‌లో జూనియర్ రేంజర్ పుస్తకం ఇస్తారు. అందులోని పనులు పూర్తిచేస్తే రేంజర్ ప్రమాణం చేయించి బ్యాడ్జీ ఇస్తారు. ఫోన్ అడగకుండా రెండు గంటలు గడిచిపోతాయి.

రాత్రి ఆకాశం ఇంకో వరం. బ్రైస్, గ్రాండ్ కాన్యన్, డెత్ వ్యాలీలు చీకటి ఆకాశాన్ని కాపాడుతున్న పార్కులుగా అంతర్జాతీయ గుర్తింపు పొందాయి. వెన్నెల లేని రాత్రి పాలపుంత కంటికి కనిపిస్తుంది. తారీఖు వెతకాల్సిన పని కూడా లేదు. చాంద్ తారీఖు 27 నుంచి కొత్త నెల 3 వరకు వచ్చే రోజుల్లో బ్రైస్ రాత్రి పడేలా ప్లాన్ వేయండి. ఊళ్లో మేడ మీద పడుకొని చూసిన చుక్కలు దాదీకి గుర్తొస్తాయి, మనవళ్లకు తనే చూపిస్తుంది.

ఒక రోజు ఎలా గడవాలి

ఫజ్ర్‌కు లేస్తారు కదా, అదే మీ బలం. నమాజ్ అవగానే చాయ్ ఫ్లాస్కులో పోసుకొని బయల్దేరితే పార్కింగ్ దొరుకుతుంది, చల్లగా ఉంటుంది, వెలుగు అందంగా ఉంటుంది. పదింటిలోపు నడక ముగించండి. పది నుంచి నాలుగు వరకు కారులో ప్రయాణమో, గదిలో విశ్రాంతో, మ్యూజియమో పెట్టుకోండి. అసర్ తర్వాత మళ్లీ బయటికి వచ్చి మగ్రిబ్ దాకా ఒకే చోట కూర్చోండి. రోజుకు ఒక్క పెద్ద చోటు చాలు. రెండోది పెట్టుకుంటే రెండూ సరిగా చూడరు.

ఏదో ఒకటి వదులుకోవాల్సి వస్తుంది. వదులుకోండి. ఆంటిలోప్ టూర్ రద్దయిందా, పోనీ. అబ్బాకు కాళ్లు లాగుతున్నాయా, ఆ సాయంత్రం గదిలోనే ఖిచిడీ వండుకోండి. లోయ లక్షల ఏళ్లుగా అక్కడే ఉంది, మళ్లీ రావచ్చు.

బయల్దేరే ముందు రాత్రి ఇంటి పెద్ద ఒక్కసారి లెక్క చూసుకోవాలి. మనిషికి గాలన్ చొప్పున నీళ్లు ఉన్నాయా? మందులు చేతిసంచిలోనే ఉన్నాయా? మ్యాపులు ఫోన్‌లోకి దిగాయా? మన దారి ఇంటి దగ్గర ఒకరికి తెలుసా? నాలుగింటికీ అవునని వస్తే సఫర్ దువా చదివి తాళం తిప్పండి. ఒక్కదానికి కాదని వచ్చినా ఆ పని ముగించాకే బయల్దేరండి.